చిన్న చిలుక – పెద్ద బాధ్యత

మన పల్లెల నుండి పిల్లలు చదువుల కొరకు, కోచింగుల కొరకు, ఉద్యోగాల కొరకు హైదరాబాదు వెళ్లడం ఇప్పుడు ప్రతి ఊరిలోనూ ఉన్నదే. వారిలో చాలామంది మొదట దిగే చోటు అమీర్‌పేట. దానికి ఒక పక్క బేగంపేట, మరొక పక్క పంజగుట్ట. ఈ పేటలలోని అపార్టుమెంట్ల వైపు తలెత్తి చూస్తే, ఆరవేసిన బట్టలకూ పూలకుండీలకూ నడుమ అక్కడక్కడ ఒక తీగల పంజరం కనిపిస్తుంది. అందులో పసుపుపచ్చ, నీలం, తెలుపు రంగుల చిట్టి చిలుకలు రెండో మూడో కిచకిచలాడుతూ ఉంటాయి. అందరూ వాటిని "లవ్ బర్డ్స్" అంటారు. పండుగ సెలవులకు ఇంటికి వచ్చే అబ్బాయి చెల్లెలి కొరకు ఒక జోడీని అట్టపెట్టెలో పెట్టి తేవడం కూడా మామూలే అయ్యింది.

తెచ్చిన రోజున ఇల్లంతా సందడి. అమ్మమ్మ మొదలుకొని ఆఖరి మనుమడి వరకు పంజరం చుట్టూ చేరతారు. కొన్ని వారాలు గడిచాక ఆ సందడి తగ్గుతుంది. పంజరం వసారా మూలకు చేరుతుంది. ఒక ఉదయాన ఒక పక్షి అడుగున పడి ఉంటుంది. రెండవది ఈకలు ఉబ్బించుకొని మౌనంగా కూర్చుంటుంది. "ఇవి అంతేనమ్మా, బతకవు" అని పెద్దవాళ్లు తేల్చేస్తారు.

ఆ మాట నిజం కాదు. ఈ పక్షులు అంత బలహీనమైనవి కావు. సరిగా చూసుకుంటే ఏళ్ల తరబడి బతుకుతాయి. వాటికి ఏమి కావాలో కొనేటప్పుడు మనం అడగము, అమ్మేవారు చెప్పరు. కనుక ఈ చిన్న చిలుకలను గురించి తెలుసుకోవలసిన నాలుగు మాటలు మన కుటుంబాల ముందు ఉంచుతున్నాము.

పేరు ఒకటి, పక్షి వేరొకటి

మన బజారులో లవ్ బర్డ్స్ అని అమ్మేవాటిలో ఎక్కువభాగం నిజానికి లవ్ బర్డ్స్ కావు. అవి బడ్జెరిగర్లు, ముద్దుగా బడ్జీలు. వీటి స్వదేశం ఆస్ట్రేలియా. అక్కడి ఎండు మైదానాలలో, నీరు ఎక్కడ దొరికితే అక్కడికి, వేల సంఖ్యలో గుంపులుగా ఎగురుతూ గడ్డిగింజలు ఏరుకొని తింటాయి. అడవిలో ఉన్న బడ్జీకి ఒకటే రంగు: ఆకుపచ్చ ఒళ్లు, పసుపుపచ్చ ముఖం, వీపు మీద నల్లని చారలు. 1840లో జాన్ గౌల్డ్ అనే పక్షిశాస్త్రజ్ఞుడు ప్రాణంతో ఉన్న బడ్జీలను ఇంగ్లండుకు తెచ్చాడు. ఆ తరువాత పంజరాలలో పెంచగా పెంచగా నీలం, తెలుపు మొదలైన రంగులు వచ్చాయి. బడ్జీ పొడవు సుమారు 18 సెంటీమీటర్లు, అందులో సగం తోకే. బరువు 30 నుండి 40 గ్రాములు. అంటే ఒక కోడిగుడ్డు బరువు కూడా ఉండదు.

నిజమైన లవ్ బర్డ్స్ ఆఫ్రికా ఖండానివి, మడగాస్కర్ దీవివి. వీటిలో తొమ్మిది జాతులున్నాయి. తోక పొట్టిగా, ముక్కు లావుగా, ఒళ్లు గుండ్రంగా ఉంటుంది. మన దగ్గర ఎక్కువగా కనిపించేవి గులాబీరంగు ముఖం గలవి, కళ్ల చుట్టూ తెల్లని వలయం గలవి. వీటి శాస్త్రీయ నామం "అగాపోర్నిస్". గ్రీకులో అగాపే అంటే ప్రేమ, ఓర్నిస్ అంటే పక్షి. అగాపే అనే మాట మన సంఘాలలో చిన్నపిల్లలకు కూడా తెలిసినదే. జతపక్షులు ఒకదాని ప్రక్కన ఒకటి ఒదిగి కూర్చొని, ఒకదాని తల ఒకటి నిమురుకోవడం చూసి ఆ పేరు పెట్టారు. మనవాళ్లు ఆలుమగలను చిలకా గోరింకలతో పోల్చినట్లే ఇది.

వీటికంటే చిన్నవి ప్యారట్‌లెట్లు. మధ్య, దక్షిణ అమెరికాలకు చెందిన ఈ పక్షి మన అరచేతిలో పట్టేంత ఉంటుంది. మన నగరాలలో పెంచేవారు తక్కువ.

ఆట వీటికి ఆకలి వంటిది

కోడి మేత తిని ఊరుకుంటుంది. చిలుక అలా ఊరుకోదు. దానికి పని కావాలి, తోడు కావాలి. గంట వ్రేలాడదీస్తే కొడుతుంది, నిచ్చెన పెడితే ఎక్కుతుంది, చిన్న బంతి ఇస్తే బల్ల అంచు వరకు దొర్లించి క్రిందపడవేసి, పడిన చప్పుడు విని, మళ్లీ ఇవ్వమన్నట్లు మన ముఖం చూస్తుంది. గులాబీముఖపు లవ్ బర్డ్ ఆడపక్షికి ఒక కాగితం ఇచ్చి చూడండి. అంచు వెంట సన్నని పీలికలుగా కత్తిరించి, ఆ పీలికలను నడుము దగ్గరి ఈకలలో దోపుకొని గూటికి మోసుకుపోతుంది. ఎవరూ నేర్పనిదే ఆ పని చేస్తుంది.

ఈ పక్షులు మనతో ఎందుకు మాట్లాడతాయో తెలుసుకుంటే వాటి మీద గౌరవం పెరుగుతుంది. వెనిజులా దేశంలో ప్యారట్‌లెట్ల గూళ్లను పరిశీలించిన శాస్త్రజ్ఞులు 2011లో ఒక సంగతి ప్రకటించారు. గూటిలోని ఒక్కొక్క పిల్లకు తనదైన ఒక పిలుపు ఉంటుంది. ఆ పిలుపును పిల్ల తన తల్లిదండ్రుల నుండే నేర్చుకుంటుంది. గ్రుడ్లను ఒక గూటి నుండి మరొక గూటికి మార్చినపుడు కూడా, పిల్లలు తమను పెంచినవారి పిలుపునే పోలి పలికాయి. మనం బిడ్డకు పేరు పెట్టుకోవడం వంటిదే ఇది.

గుంపులో పుట్టి గుంపులో పెరిగే పక్షి, మన ఇంట్లో ఒంటరిగా ఉంటే మన మాటలనే తన గుంపు మాటలుగా భావించి నేర్చుకుంటుంది. అమెరికాలో 1994లో చనిపోయిన పక్ అనే మగ బడ్జీకి 1,728 మాటలు వచ్చునని గిన్నిస్ పుస్తకం నమోదు చేసింది. చిలక పలుకులని మనం తేలికగా అంటాము గాని, అవి ఆ పక్షి "నేను మీలో ఒకడిని" అని చెప్పుకోవడం. అటువంటి దానిని మూలన పెట్టి మరచిపోతే అది తన ఈకలను తానే పీక్కుంటుంది, అదే పనిగా అరుస్తుంది, లేదా తిండి మానేస్తుంది. కనుక గింజలు, నీళ్లు పెట్టినంత మాత్రాన చిలుకను పెంచినట్లు కాదు.

మన చిలుకను మాత్రం పంజరంలో పెట్టరాదు

ఇక్కడ మన గ్రామాల వారికి ఒక ముఖ్యమైన మాట చెప్పాలి. బడ్జీ, లవ్ బర్డ్ విదేశీ పక్షులు. మన తాటిచెట్టు తొర్రలో, పాత కొబ్బరి మోడులో గూడు పెట్టే పచ్చని చిలుక మన దేశపు వన్యప్రాణి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దానిని పట్టడం, కొనడం, అమ్మడం, పంజరంలో ఉంచడం నేరం. జరిమానా, జైలుశిక్ష కూడా ఉన్నాయి. "మా ఇంట్లో పుట్టినప్పటి నుండి ఉంది", "మేము కొనలేదు, చెట్టు మీద నుండి పడితే తెచ్చాము" అనే మాటలు చట్టం ముందు నిలువవు. చిలుక జోస్యం చెప్పేవారి దగ్గర ఉండే చిలుకకూ ఇదే చట్టం వర్తిస్తుంది.

తూర్పు కనుమల అడవులలో మన సొంత చిట్టి చిలుక ఒకటి ఉంది. పిచ్చుక కంటే కాస్త చిన్నగా, ముదురు ఆకుపచ్చగా, నడుము మీద ఎర్రగా ఉండే ఆ పక్షి గబ్బిలం వలె తలక్రిందులుగా వ్రేలాడుతూ నిద్రపోతుంది. అది ఎంత ముచ్చటగా ఉన్నా, దాని చోటు అడవే.

చలికాలం చివర నుండి వేసవి వరకు చిలుకలు పిల్లలు చేసే కాలం. తొర్రలోని పిల్లలను దింపి సంతలో అమ్మేవారు, ఒక పిల్ల బ్రతికి అంగడికి చేరేలోగా ఎన్ని చనిపోతున్నాయో లెక్క చెప్పరు. గూటి మీద ఉన్న తల్లిపక్షి విషయంలో ఎలా నడుచుకోవాలో ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో ప్రత్యేకంగా వ్రాయబడి ఉండడం మన పాఠకులకు తెలుసు. పొలంలో పొద్దుతిరుగుడునూ, జొన్ననూ, తోటలో జామనూ చిలుకలు పాడుచేస్తున్నాయని రైతు బాధపడటంలో న్యాయం ఉంది. డప్పు కొట్టి, మెరిసే రిబ్బను కట్టి తోలుకోవచ్చు. వలవేసి పట్టడానికి మాత్రం అనుమతి లేదు.

ఇప్పటికే ఇంట్లో పచ్చచిలుక ఉంటే ఏమి చేయాలి? భయపడి పంజరం తలుపు తీసి వదిలివేయకండి. రెక్కలు కత్తిరించిన పక్షి, ఎగరడం మరచిన పక్షి మొదటి పూటే కాకులకో పిల్లులకో చిక్కుతుంది. దగ్గరలోని అటవీశాఖ కార్యాలయానికి తెలియజేసి అప్పగించడమే మంచిది. అలాగే, జాలిపడి బడ్జీలను కూడా బయటకు వదలకూడదు. ఇది వాటి దేశం కాదు. ఇక్కడ మేత వెతుక్కోవడం వాటికి తెలియదు.

కొనేముందు

నగరంలో పక్షుల అంగడి అంటే పాతబస్తీలో చార్మినార్ దగ్గరి మెహబూబ్ చౌక్ పేరే మొదట చెబుతారు. దానికి ముర్గీ చౌక్ అనే పేరు రావడానికి కారణం కూడా అక్కడి కోళ్ల, పక్షుల వ్యాపారమే. ఇప్పుడు ప్రతి పేటలోనూ పెంపుడు జంతువుల దుకాణాలు వచ్చాయి. ఎక్కడ కొన్నా ఈ సంగతులు గమనించండి.

2018 నాటి నియమాల ప్రకారం పెంపుడు జంతువుల దుకాణానికి రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద రిజిస్ట్రేషన్ ఉండాలి. రసీదు అడిగి తీసుకోండి. విదేశీ జాతులలో కొన్నింటిని ఇంట్లో ఉంచుకునేవారు ప్రభుత్వం వద్ద వివరాలు నమోదు చేయించుకోవాలని కేంద్రం 2024 ఫిబ్రవరిలో నియమాలు ప్రకటించింది. ఇది పరివేష్ అనే పోర్టల్ ద్వారా జరుగుతుంది. అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందం జాబితాలో ఉన్న జాతులకు ఇది వర్తిస్తుంది. బడ్జీ, కాకటీల్, గులాబీముఖపు లవ్ బర్డ్ ఆ జాబితాలో లేవు. కంటి చుట్టూ తెల్లని వలయం గల లవ్ బర్డ్స్, ప్యారట్‌లెట్లు ఉన్నాయి. కనుక ఏ పక్షిని కొంటున్నారో పేరు తెలుసుకొని కొనండి.

చిన్న వయసు పక్షి త్వరగా మచ్చిక అవుతుంది. పిల్ల బడ్జీకి నుదుటి మీద చారలు ముక్కు వరకు వచ్చి ఉంటాయి, కన్ను మొత్తం నల్లగా ఉంటుంది. మూడు నాలుగు నెలలు దాటాక నుదుటి చారలు పోతాయి. పెద్ద బడ్జీలలో ముక్కు పైభాగం నీలంగా ఉంటే మగది, గోధుమరంగులో ఉంటే ఆడది. చురుకుగా తిరిగేదానిని ఎంచుకోండి. ఈకలు ఉబ్బించుకొని పగటిపూట నిద్రపోయేదానిని, తోక క్రింది భాగం మురికిగా ఉన్నదానిని తీసుకోకండి.

అన్నిటికంటే ముందు అడగవలసిన ప్రశ్న "జోడీ ఎంత?" అని కాదు, "ఇది ఎన్నాళ్లు బ్రతుకుతుంది?" అని. బడ్జీ ఐదు నుండి పదేళ్లు, లవ్ బర్డ్ పది నుండి పదిహేనేళ్లు బ్రతకగలవు. నేడు మూడవ తరగతి చదివే అమ్మాయి కొరకు తెచ్చిన పక్షి, ఆమె ఇంటర్ ముగించి హాస్టలుకు వెళ్లేనాటికి కూడా ఇంట్లోనే ఉంటుంది. అప్పుడు దానిని చూసేది ఎవరు? ఆ జవాబు ఇంట్లో కుదిరిన తరువాతే డబ్బు తీయండి.

పగలంతా ఇంటికి తాళం వేసి వెళ్లేవారు ఒంటరి పక్షిని పెంచరాదు. రెండు తెచ్చుకోవాలి. అయితే ఆడ, మగ జోడీకి గూటి కుండ కడితే రెండు నాలుగై, నాలుగు పదవుతాయి. బడ్జీ నాలుగు నుండి ఆరు గ్రుడ్లు పెడుతుంది, సుమారు 18 రోజులలో పిల్లలవుతాయి. మాటిమాటికీ గ్రుడ్లు పెట్టే ఆడపక్షి ఒంట్లో సున్నం తరిగి, గ్రుడ్డు అడ్డుపడి ప్రాణం పోవచ్చు. పిల్లలు వద్దనుకుంటే కుండ కట్టకండి.

బస్సులోనో రైలులోనో ఊరికి తెచ్చేటప్పుడు గాలి రంధ్రాలున్న చిన్న పెట్టెలో, గుడ్డ పరచి, ఎండ తగ్గిన వేళ తీసుకురండి. సామాను వేసే డిక్కీలో ఎప్పుడూ పెట్టకండి. వేడికి ఊపిరాడక చనిపోతాయి.

పంజరం, దాని చోటు

చిలుక నిలువుగా కాదు, అడ్డంగా ఎగురుతుంది. కనుక ఎత్తైన గుండ్రని పంజరం కంటే పొడవైన పెట్టె వంటి పంజరం మేలు. జంటకు కనీసం రెండున్నర అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉండాలి. తీగల మధ్య సందు అర అంగుళం మించరాదు. మించితే తల ఇరుక్కుంటుంది. పెంపుడు ప్రాణిని కదలడానికి చాలినంత చోటు లేని బోనులో ఉంచడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం.

కూర్చోవడానికి నున్నని ప్లాస్టిక్ కడ్డీకి బదులు జామ కొమ్మ, వేప కొమ్మ కట్టండి. లావు సన్నాలు కలిసిన కొమ్మ మీద పాదాలకు పుండ్లు పడవు, ముక్కుకు కొరికే పని దొరుకుతుంది. ఆటబొమ్మలకు దుకాణానికి పోనక్కరలేదు. తాటాకుతో అల్లిన బంతి, రంధ్రం చేసి వ్రేలాడదీసిన కొబ్బరి చిప్ప, గింజలు ఒలిచిన మొక్కజొన్న కండె చాలు. వారానికి ఒకసారి మార్చి కట్టండి. దారాలు పీచులుగా ఊడి వచ్చేవి మాత్రం వద్దు, కాలికి చుట్టుకుంటాయి.

పంజరాన్ని ఇంట్లో మనుషులు మసలే గదిలో, ఒక వైపు గోడ ఉండేటట్లు, మన కళ్ల ఎత్తున పెట్టండి. వంటగదిలో పెట్టవద్దు. మే నెలలో మన ప్రాంతంలో ఎండ 43 డిగ్రీలు దాటే రోజులుంటాయి. బాల్కనీ రేకుల క్రింద, మధ్యాహ్నం ఎండ తగిలే కిటికీ దగ్గర ఉన్న పక్షి గంటలో సొమ్మసిల్లుతుంది. నోరు తెరచి, రెక్కలు ఒంటికి దూరంగా పట్టుకొని రొప్పుతుంటే వెంటనే చల్లని చోటుకు మార్చి, వెడల్పు పాత్రలో స్నానానికి నీళ్లు పెట్టండి. రాత్రి పది నుండి పన్నెండు గంటలు చీకటి, నిశ్శబ్దం కావాలి. టి.వి. ప్రక్కన నిద్ర పట్టదు. పల్లెలలో చీమల బాధ ఉంటే, పంజరం బల్ల కాళ్లను నీళ్ల గిన్నెలలో ఉంచండి.

మేత మన పొలంలోనే ఉంది

విదేశీ పక్షి అయినా దాని తిండి మనకు కొత్తది కాదు. ప్రపంచమంతా బడ్జీలకు ఇష్టంగా పెట్టేది కొర్ర కంకి. కొర్రలు, సామలు, వరిగలు, సజ్జలు కలిపి ఒక పక్షికి రోజుకు రెండు చిన్న చెంచాలు పెడితే సరిపోతుంది. కంకిని విడిగా వ్రేలాడదీస్తే వలుచుకొని తినడం కూడా దానికి ఆటే అవుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. చిలుక గింజను ఒలిచి పప్పు తిని, పొట్టును గిన్నెలోనే వదులుతుంది. సాయంత్రానికి గిన్నె నిండుగా కనిపిస్తుంది గాని, ఉన్నదంతా ఉత్త పొట్టే. "ఇంకా మేత ఉందిగా" అనుకుంటూ పక్షిని పస్తు పెట్టే ఇళ్లు చాలా ఉంటాయి. ప్రతి పూటా పొట్టు ఊది చూడండి.

గింజలు మాత్రమే తింటే విటమిన్ ఏ చాలదు. కొత్తిమీర, మునగాకు, తోటకూర, క్యారెట్ తురుము, ఉడికించిన చిలగడదుంప కొద్దికొద్దిగా అలవాటు చేయండి. కూరగాయలను మందులు పోయేటట్లు బాగా కడగండి. సున్నం కొరకు సముద్రపు నురుగు ముక్కను తీగకు కట్టండి. నీళ్లు రోజుకు రెండుసార్లు మార్చండి. ఉప్పు వేసినవి, నూనెలో వేయించినవి, టీ, కాఫీ, చాక్లెట్, ఉల్లి పెట్టకూడదు. అవకాడో పండు వీటికి విషం.

ఇంట్లో పొంచి ఉన్న అపాయాలు

రోజుకు ఒక గంటైనా పక్షిని పంజరం బయట తిరగనివ్వడం మంచిది. దానికి ముందు నాలుగు పనులు చేయండి: పైనున్న ఫ్యాను ఆపండి, కిటికీలు మూయండి, పెద్ద అద్దం మీద గుడ్డ కప్పండి, నీళ్ల బకెట్ల మీద మూతలు వేయండి. ఇళ్లలో తిరిగే పక్షులకు తిరిగే ఫ్యాను పెద్ద శత్రువు.

పక్షి ఊపిరితిత్తులు చాలా సున్నితమైనవి. నాన్‌స్టిక్ పెనం పొయ్యి మీద ఖాళీగా మాడితే వచ్చే వాయువుకు మనిషికి తలనొప్పి రావచ్చు, పక్క గదిలోని పక్షి నిమిషాలలో చనిపోతుంది. దోమల కాయిల్ పొగ, సాంబ్రాణి పొగ, కొత్త రంగుల వాసన కూడా హానికరమే. దోమల కొరకు పంజరం మీద వల కప్పడమే క్షేమం.

దోమల ప్రసక్తి వచ్చింది గనుక బేగంపేటకు సంబంధించిన ఒక చరిత్ర చెప్పుకోవాలి. 1897 ఆగస్టు 20న బేగంపేటలోని ఒక ఆసుపత్రి భవనంలోనే రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నాడు. మరుసటి సంవత్సరం కలకత్తాలో చిన్న పక్షుల మీద పరిశీలించి, దోమకాటు వలననే ఆ రోగం ఒక పక్షి నుండి మరొక పక్షికి చేరుతుందని నిరూపించాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. పంజరంలోని చిన్న పక్షులు మానవజాతికి చేసిన ఆ మేలు మరువరానిది.

చిన్నపిల్లలకు మొదట నేర్పవలసినది పట్టుకునే పద్ధతి. పక్షికి మనవలె ఊపిరి పీల్చడానికి తోడ్పడే పొర లేదు. రొమ్ము ఎముక ముందుకు వెనుకకు కదిలితేనే గాలి ఆడుతుంది. ప్రేమతో గుప్పిట బిగించి పట్టుకున్నా ఊపిరాగుతుంది. వ్రేలు చాచి, అది తనంతట తానుగా వచ్చి కూర్చునే వరకు ఎదురుచూడాలి. రోజూ పది నిమిషాల చొప్పున, కొర్ర కంకి చూపుతూ, మెల్లగా మాట్లాడుతూ ఉంటే కొన్ని వారాలలో వస్తుంది.

జబ్బు చేస్తే

అడవిలో జబ్బుపక్షిని గద్ద ముందుగా పసిగడుతుంది. అందుచేత చిలుక చివరి వరకు తన నీరసాన్ని దాచుకుంటుంది. ఈకలు ఉబ్బించుకోవడం, ఊపిరితోపాటు తోక ఊగడం, రెట్ట రంగు మారడం, పంజరం అడుగున కూర్చోవడం కనిపిస్తే రేపు చూద్దామనుకోవద్దు. వెచ్చగా ఉంచి డాక్టరుకు చూపించండి. హైదరాబాదులో నారాయణగూడ ప్రభుత్వ పశువైద్యశాల, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల ఉన్నాయి. పల్లెలలో మండల పశువైద్యాధికారిని సంప్రదించండి.

చిలుకల నుండి మనుషులకు సోకే జ్వరం ఒకటి ఉంది. ఎండిన రెట్ట ధూళి పీల్చడం వలన వస్తుంది. జ్వరం, తలనొప్పి, పొడిదగ్గు దాని లక్షణాలు. మందులతో నయమవుతుంది. డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు "మా ఇంట్లో చిలుకలున్నాయి" అని తప్పక చెప్పండి. అడుగున పరచిన కాగితాన్ని రోజూ కాస్త తడిపి తీయండి, తరువాత చేతులు సబ్బుతో కడుక్కోండి. ఉబ్బసం ఉన్నవారి గదిలో పంజరం పెట్టకండి.

ఎవరు పెంచవచ్చు, ఎవరు పెంచరాదు

మేము చూసిన ఇళ్లలో పక్షులు బాగున్న చోట ఒక పోలిక ఉంది. పక్షి బాధ్యత "అందరిదీ" అన్న ఇంట్లో ఎవరూ చూడటం లేదు. ఫలానా వారిది అని పేరు చెప్పగలిగిన ఇంట్లో పంజరం శుభ్రంగా ఉంది. ఉదయం మేత అన్నది, సాయంత్రం నీళ్లు తమ్ముడిది, ఆదివారం పంజరం కడగడం నాన్నది అని పంచుకున్న ఇంట్లో పిల్లలకు చెప్పకనే ఒక క్రమం అలవడింది. మాట రాని ప్రాణి ఆకలిని గుర్తుపెట్టుకొని, ఆట మధ్యలో లేచి వెళ్లే పిల్లవాడు రేపు ముసలి తల్లిదండ్రుల ఆకలిని కూడా గుర్తుపెట్టుకుంటాడు.

అంత సమయం లేనివారు సిగ్గుపడనక్కరలేదు. పెంచకపోవడం కూడా దయే. బేగంపేటలో సాయంత్రం వేళ పాత చెట్ల మీదికి అరుచుకుంటూ వచ్చి వాలే పచ్చచిలుకలను చూడటానికి పంజరం అవసరం లేదు. మన ఊళ్లలో అయితే అవి పెరటి జామచెట్టు మీదికే వస్తాయి. వేసవిలో గోడ మీద ఒక మట్టి మూకుడులో నీళ్లు పోసి ఉంచండి, రోజూ మార్చండి. పిల్లలను వసారాలో కదలకుండా కూర్చోమనండి. చిలుక వస్తుంది, తాగుతుంది, తల ప్రక్కకు వంచి మనవైపు ఒకసారి చూస్తుంది, ఎగిరిపోతుంది. మరునాడు మళ్లీ వస్తుంది.